పని కోసం ఊరు దాటితే బాండు తప్పినట్టేనా?

అనంతపురం జిల్లా జైలు మా బుక్కరాయసముద్రం మండలంలోనే, రెడ్డిపల్లిలో ఉంది. ఖైదీలు సేద్యం చేసే ఓపెన్ జైలు కూడా అక్కడే. ములాఖత్ కోసం సంచి పట్టుకుని, చంటిబిడ్డను చంకనేసుకుని ఆటో దిగే ఆడవాళ్లను మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. జైలంటే తెలుసు, బెయిలంటే తెలుసు. ఈ రెండూ కాకుండా కోర్టు ఇచ్చే ఇంకో దారి ఉంది. దాని పేరు ప్రొబేషన్. దాని గురించి మాత్రం మా దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. ఆ దారిలో నడుస్తున్నవాళ్లకే దాని కట్టుబాట్లు సగం తెలియవు. తెలియక తప్పి, తప్పినాక ఎవరి దగ్గరకు పోవాలో తోచక దాక్కునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను వకీలును కాను. మాది బుడ్డల (వేరుశనగ) సేద్యం చేసే ఇల్లు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన శిక్షణ తీసుకుని పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. పింఛను ఆగిపోయిందని, మొగుడు కొడుతున్నాడని, భూమి అడంగల్లో పేరు మారిందని జనం నా దగ్గరకు వస్తారు. అర్జీ రాసిపెట్టి, ఎవరిని కలవాలో చెప్పి, అవసరమైతే వెంట పోవడం నా పని. కోర్టులో వాదించేది వకీళ్లే. కానీ ఆ వకీలు దాకా మనిషిని చేర్చడమే చాలా కేసుల్లో కష్టమైన పని.

ప్రొబేషన్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. బెయిలు అనేది కేసు నడుస్తున్నప్పుడు ఇచ్చేది, అప్పటికింకా నేరం తేలలేదు. పెరోలు శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి ఇచ్చే తాత్కాలిక విడుదల. ప్రొబేషన్‌లో కేసు అయిపోయింది, నేరం రుజువైంది. కానీ జడ్జి శిక్ష వేయడం ఆపి, మనిషి వయసు, నడవడిక, నేరం జరిగిన తీరు చూసి, మంచిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపుతారు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఈ బాండు గడువు మూడేళ్లు మించకూడదు. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకు ఇది వర్తించదు. 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో 6వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, జైలుకు పంపాలనుకుంటే ఎందుకు పంపుతున్నారో జడ్జి కారణాలు రాయాలంటుంది.

దీని పుట్టుక గురించి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. 1841లో అమెరికాలోని బోస్టన్ పట్నంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన ఒక తాగుబోతుకు కోర్టులో పూచీ ఉండి విడిపించుకుపోయాడు. గడువు నాటికి మనిషిని మార్చి మళ్లీ జడ్జి ముందు నిలబెట్టాడు. అధికారీ వకీలూ కాని ఒక పనివాడు మొదలుపెట్టిన పని ఇది. మన అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే 1936లో మద్రాసు ప్రొబేషన్ చట్టం వచ్చింది. 1958 చట్టం వచ్చాక దాని మేలు ఎంత దూరం పోవాలో 1964లో సుప్రీంకోర్టు రత్తన్‌లాల్ కేసులో చెప్పింది. అది 16 ఏళ్ల కుర్రాడి కేసు. కింది కోర్టు శిక్ష వేసిన తర్వాతనే ఆ ప్రాంతంలో చట్టం అమల్లోకి వచ్చింది. అయినా అప్పీలులో ఆ మేలు ఇవ్వవచ్చని మెజారిటీ తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావు గారు, మొదటి ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. దిద్దుకోగల మనిషిని జైల్లో ముదిరిన నేరగాళ్ల మధ్య పడేయకూడదన్న ఆలోచన ఆ తీర్పు నిండా ఉంది.

ఇప్పుడు మా ఊళ్ల సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపున వాన పడే జిల్లా మాది. ఆ వానయినా బుడ్డలకు కావలసినప్పుడు పడదు. జూన్, జూలైలో విత్తుతాం. ఊడలు దిగి కాయ ఊరే వేళకు బెట్ట వస్తే పంట పోయినట్టే. విజయనగరం బుక్కరాయల పేరున కట్టిన చెరువు మా ఊరి పక్కనే ఉన్నా, చెరువు కింద భూమి ఉన్నవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లు బోరునో, మొగులునో నమ్ముకున్నవాళ్లే. పంట పోయిన ఏడు గొర్రులు, గుంటకలు అటక మీద పెట్టి బెంగళూరు బస్సెక్కుతారు. సెంట్రింగ్ పని, మట్టి పని, ఇళ్లలో పాచిపని, అపార్టుమెంట్ల కాడ కాపలా. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు.

ప్రొబేషన్ బాండులో మామూలుగా రాసే షరతుల్లో మొదటిది, చెప్పిన చిరునామాలో ఉండాలి, అనుమతి లేకుండా ఊరు మారకూడదు. ఇంకొకటి, నెల నెలా ప్రొబేషన్ అధికారి ముందు హాజరు కావాలి. అటువైపు కరువు ఊరు వదలమంటుంది, ఇటువైపు బాండు ఊరు వదలొద్దంటుంది. నా దగ్గరకు వచ్చిన బాండు తప్పిన కేసుల్లో ఎక్కువవాటికి కారణం ఇదే. మళ్లీ గొడవ పడినవాళ్లు, మళ్లీ దొంగతనం చేసినవాళ్లు ఉండరని కాదు. కానీ బతుకుతెరువు కోసం పోయి తప్పినవాళ్లను వాళ్లతో కలిపి చూడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. చట్టం కూడా వీళ్లను ఒకే గాట కట్టమనలేదు. ఆ తేడాను కోర్టు ముందు చూపించే మనిషి కావాలి. న్యాయ సహాయం కావాల్సింది అక్కడే.

ఒక పిల్లోడి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు వదిలేస్తున్నాను. దాయాదుల మధ్య బోరు మోటారు దగ్గర గొడవ. మాటామాటా పెరిగి ఈ పిల్లోడు కట్టెతో కొట్టినాడు, అవతలాయన తలకు కుట్లు పడినాయి. పాత ఐపీసీ 324 కింద కేసు. కోర్టులో నేరం రుజువైంది. వయసు చిన్నది, అంతకుముందు ఏ కేసూ లేదు, సెక్షన్ 5 కింద దెబ్బతిన్న ఆయనకు పరిహారం కట్టమంటే ఒప్పుకున్నాడు. జడ్జి గారు రెండేళ్ల బాండు మీద, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో వదిలినారు. మేనమామ జామీను నిలబడినాడు. పరిహారం గొర్రెలు అమ్మి కట్టేసినారు. ఆరేడు నెలలు సక్రమంగా పోయి సంతకం పెట్టి వచ్చినాడు. ఆ తర్వాత వచ్చిన ఖరీఫ్‌లో పంట పోయింది. ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయినాడు. అధికారికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కేసు అయిపోయింది కదా అనుకున్నాడు.

కోర్టు నుంచి సమన్లు వచ్చినాయి. ఇంట్లో చదివేవాళ్లు లేరు. తర్వాత నాన్ బెయిలబుల్ వారెంటు. పోలీసులు వచ్చి అడిగి పోయినాక వాళ్లమ్మ నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, మావాడు దొంగతనం చేయలేదు, కూలికి పోయినాడు. దానికి గూడా వారెంటా?" అని ఒకటే ఏడుపు.

అప్పటికే ఇద్దరు సలహాలు ఇచ్చినారు. గడువు రెండేళ్లే కదా, అది దాటేదాకా పిల్లోణ్ని ఊళ్లోకి రానీకండి అని ఒకరు. డబ్బు పెడితే హైకోర్టు నుంచి ఏదో కాగితం తెప్పిస్తానని ఇంకొకరు. రెండూ తప్పుడు సలహాలే. వారెంటుకు కాలం తీరిపోవడం ఉండదు. జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా దాన్ని అమలు చేసేదాకా అది బతికే ఉంటుంది. రెండేళ్లు దాక్కున్నవాడు కోర్టుకు దొరికిన రోజున, "పని కోసం పోయినాను సార్" అన్న మాటకు విలువ పోతుంది. దాక్కోవడం వల్ల అది కావాలని చేసిన తప్పుగా మారిపోతుంది. హైకోర్టు దాకా పోవాల్సిన పనే లేదు. బాండు రాయించుకున్న కోర్టే దీన్ని తేల్చే కోర్టు.

"ముందు పిల్లోణ్ని రమ్మను మా. పోలీసులు పట్టుకొచ్చేలోగా మనమే పోదాం" అన్నాను. అది నమ్మించడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. జైల్లో వేసేస్తారని ఆమె భయం. వేయరని నేను మాట ఇవ్వలేను, ఇవ్వకూడదు కూడా. చట్టంలో ఏముందో మాత్రం చెప్పినాను.

ఇక్కడ 9వ సెక్షన్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. బాండు షరతు తప్పినట్టు ప్రొబేషన్ అధికారి నివేదిక వల్లనో, ఇంకో విధంగానో కోర్టుకు తెలిస్తే వారెంటు గానీ సమన్లు గానీ ఇవ్వవచ్చు. సమన్లయితే జామీనుదారుకు కూడా వస్తాయి. మనిషి ముందుకు వచ్చాక కోర్టు రిమాండుకు పంపవచ్చు, లేదా జామీనుతోనో జామీను లేకుండానో బెయిలు ఇచ్చి వాయిదా వేయవచ్చు. ఆ తర్వాత విచారణ జరగాలి. నివేదిక వచ్చింది కాబట్టి జైలుకు పో అనడానికి లేదు, ఇతని మాట వినాలి. విన్నాక నిజంగానే తప్పినాడని తేలితే కోర్టు ముందు రెండు దారులు. ఒకటి, ఆపి ఉంచిన అసలు నేరానికి శిక్ష వేయడం. రెండోది, ఇది మొదటిసారి తప్పడం అయితే, బాండును అలాగే కొనసాగిస్తూ 50 రూపాయలకు మించని జరిమానా వేయడం. అవును, 50 రూపాయలే. 1958లో రాసిన అంకె అది. ఆ జరిమానా చెప్పిన గడువులో కట్టకపోతే మాత్రం మళ్లీ అసలు శిక్ష వేయవచ్చు.

ఒకవైపు 324 కింద మూడేళ్ల దాకా జైలు, ఇంకోవైపు 50 రూపాయలు. ఈ రెండింట్లో ఏది అన్నది జడ్జి విచక్షణ. ఆ విచక్షణ ఎటు మొగ్గాలో చెప్పడానికి కాగితాలు కావాలి, కారణాలు కావాలి, వాటిని సరైన మాటల్లో ముందు పెట్టే వకీలు కావాలి. పిల్లోడు ఒక్కడే పోయి చేతులు కట్టుకుని నిలబడితే "ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు "తప్పయింది సార్" అని మాత్రమే అంటాడు. మా వాళ్లందరూ అదే అంటారు. పంట పోయిందని, తల్లికి మందులు కొనాలని, పనిచోట రోజు మానితే కూలీ పోతుందని ఒక్కడు చెప్పడు.

వకీలు ఎక్కడి నుంచి వస్తాడు? 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చదివితే, మా మండలంలో ఉచిత వకీలుకు అర్హత లేనివాళ్లు ఎంతమందో వెతుక్కోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా హక్కు. ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, పరిశ్రమల కార్మికులకు హక్కు. కస్టడీలో ఉన్న ఎవరికైనా హక్కు. రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితికి లోబడిన వారందరికీ హక్కు. ఆదాయం గురించి అఫిడవిట్ ఇస్తే, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప అదే సరిపోతుందని 13వ సెక్షన్ చెబుతుంది. అంటే ఎమ్మార్వో ఆఫీసు సర్టిఫికెట్ రాలేదని ఆగిపోనక్కరలేదు. వీటన్నింటిలో నేను అందరికీ వేలు పెట్టి చూపించే మాట ఇంకొకటి ఉంది. తన తప్పు లేకుండా లేమిలో పడినవాళ్లని చెబుతూ, వరద, భూకంపం పక్కనే ఆ చట్టం కరువును కూడా పేరుపెట్టి రాసింది. కరువు బాధితుడికి ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. ప్రభుత్వం మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన ఏడాది అయితే ఆ జీవో ప్రతి జతచేసి అర్జీలోనే ఈ కారణం రాయాలని నేను అందరికీ చెబుతాను. అలా రాస్తే రెండు పనులు అవుతాయి. వకీలు దొరుకుతాడు, బాండు ఎందుకు తప్పిందో కూడా మొదటి కాగితంలోనే రికార్డుకు ఎక్కుతుంది.

ఉచిత వకీలు శ్రద్ధగా చూడడని మా ఊళ్లలో గట్టి నమ్మకం. అందుకే బంగారం కుదువ పెట్టి ఎవరినో పెట్టుకుంటారు. 2022 నుంచి జాతీయ న్యాయసేవాధికార సంస్థ చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. క్రిమినల్ కేసుల్లో పేదల తరఫున వాదించడమే పనిగా ఉండే వకీళ్లు వీళ్లు. ఇలాంటి బాండు కేసు చిన్న కేసు, రోజుల తరబడి సాక్ష్యం నడిచేది కాదు. దీనికి కుదువ పెట్టాల్సిన అవసరం నిజంగా లేదు.

పిల్లోడు వచ్చినాడు. వకీలు గారితో కలిసి కోర్టులో లొంగిపోయి, వారెంటు రీకాల్ పిటిషన్ వేసినారు. నాన్ బెయిలబుల్ వారెంటు అనేది మొదట వాడాల్సిన ఆయుధం కాదని, ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, అవి పనిచేయకపోతేనే ఇది అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అది వకీలుకు పనికొచ్చే మాట. కానీ తనంతట తాను వచ్చి నిలబడటమే అన్నిటికంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

బెయిలుకు మళ్లీ జామీను అడుగుతారేమోనని మేనమామ భయపడినాడు. అప్పటికే ఒక సంతకం పెట్టి ఇరుక్కున్నానన్న బాధ ఆయనది. అప్పుడు వకీలు గారు మోతీరాం కేసు గురించి చెప్పినారు. మధ్యప్రదేశ్‌లో ఒక మేస్త్రీని 10,000 రూపాయలకు జామీను తెమ్మన్నారు. తమ్ముడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపినారు. 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తోసిపుచ్చి, అతని సొంత బాండు 1,000 రూపాయల మీద వదలమన్నారు. ఎక్కడో దూరాన పట్టుబడిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎట్లా తెస్తాడని ఆయన ఆ తీర్పులోనే అడిగినారు. వలస బతుకు బతికే మనవాళ్లను గుర్తుపెట్టుకుని రాసినట్టుంది ఆ మాట.

జామీనుదారుల గురించి ఇంకొక్కటి. మనిషి బాండు తప్పితే జామీను మొత్తం కట్టాలని నోటీసు రావచ్చు. నోటీసు రాగానే అప్పు చేసి కట్టేయకండి. కారణం చూపించుకునే అవకాశం ఉంటుంది, మొత్తంలో కొంత మాఫీ చేసే అధికారం కోర్టుకు ఉంటుంది. జామీనుదారుకు కూడా పై అర్హతలు ఉంటే ఉచిత వకీలు దొరుకుతాడు.

విచారణ రోజుకు మేం తెచ్చిన కాగితాలు ఇవి. పిల్లోడి పంట పొలం పాసు పుస్తకం, పంట పోయిన ఏడాది కరువు ప్రకటన, మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన వారం కూలీల వివరాలు, పరిహారం కట్టిన రసీదు, తల్లి ఆసుపత్రి చీటీలు. బెంగళూరులో ఉన్నన్నాళ్లూ ఏ కేసూ లేదన్న సంగతి. అవతలి దాయాదితో మళ్లీ గొడవ లేదన్న సంగతి. బాండు రాసింది మంచిగా బతకడానికి. ఈ పిల్లోడు ఆ అసలు మాట తప్పలేదు, హాజరు తప్పినాడు అన్నది వకీలు వాదన.

అమెరికాలో ఇలాంటిదే ఒక కేసు జరిగింది. జార్జియా రాష్ట్రంలో బేర్డెన్ అనే చదువు రాని మనిషికి ప్రొబేషన్ ఇచ్చి, 500 డాలర్ల జరిమానా, 250 డాలర్ల పరిహారం కట్టమన్నారు. 200 డాలర్లు కట్టాక పని పోయింది, మిగతాది కట్టలేకపోయాడు. కోర్టు ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపింది. 1983లో ఆ దేశ సుప్రీంకోర్టు అది తప్పన్నది. ఉండి కట్టనివాణ్నీ, లేక కట్టలేనివాణ్నీ ఒకటిగా చూడకూడదని, కారణం విచారించకుండా పేదరికానికి జైలు వేయకూడదని చెప్పింది. అది మన కోర్టులను కట్టేసే తీర్పు కాకపోయినా, జడ్జి ముందు పెట్టదగిన న్యాయం అందులో ఉంది. హాజరు కాలేకపోవడానికీ అదే కొలత వర్తించాలని నేను నమ్ముతాను.

కోర్టు 50 రూపాయల జరిమానా వేసి బాండు కొనసాగించింది. వాళ్లమ్మ కొంగు ముడి విప్పి తీసి ఇచ్చింది. హైకోర్టు కాగితం తెస్తానన్న మనిషి ఆమెను అడిగింది 40,000.

అంతటితో అయిపోతే ఆ పిల్లోడు మళ్లీ తప్పేవాడు. ఎందుకంటే పంట పోయిన కష్టం అలాగే ఉంది, పని బెంగళూరులోనే ఉంది. రెండోసారి తప్పితే 50 రూపాయల దారి చట్టంలో లేదు. అందుకే 8వ సెక్షన్ తెలుసుకోవాలి. ప్రొబేషన్ అధికారి అర్జీ పెడితే బాండు షరతులు మార్చే అధికారం కోర్టుకు ఉంది. గడువు తగ్గించవచ్చు, మొదటి ఉత్తర్వు నుంచి మూడేళ్లు దాటకుండా పెంచవచ్చు, కొత్త షరతు పెట్టవచ్చు, ఉన్నది తీసేయవచ్చు. ఇక పర్యవేక్షణ అక్కర్లేదనిపిస్తే బాండునే రద్దు చేయవచ్చు. ఆ అర్జీ అధికారి ద్వారా పోవాలి కాబట్టి, ఆయనను తప్పించుకు తిరిగితే మన దారి మనమే మూసుకున్నట్టు. 14వ సెక్షన్ ఆయన విధుల్లో ఏం రాసిందో తెలుసా? అవసరమైన చోట ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు తగిన పని చూపించే ప్రయత్నం చేయాలని. పరిహారం కట్టడంలో సలహా, సాయం ఇవ్వాలని. ఆయన పోలీసు కాదు. ఊరు దాటక తప్పదనుకున్నప్పుడు ముందు పోయి చెప్పాల్సింది ఆయనకే. అడ్రసు, మేస్త్రీ ఫోను నంబరు, ఎన్నాళ్లు ఉంటారో రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఈ పిల్లోడి విషయంలో అధికారి అర్జీ పెట్టడంతో, నెల నెలా కాకుండా మూడు నెలలకోసారి వచ్చేలా కోర్టు మార్చింది. పనిచోటు అడ్రసు మారితే తెలపాలన్న షరతు కొత్తగా చేరింది.

వేరే రకాల ఉల్లంఘనల గురించి క్లుప్తంగా చెబుతాను. తాగకూడదన్న షరతు తప్పినవాళ్లకు డీఅడిక్షన్ కేంద్రంలో చేరి ఆ చీటీ కోర్టులో పెట్టడం మేలు చేస్తుంది. పరిహారం వాయిదా తప్పితే, కట్టగలిగినంత ముందు కట్టి మిగతాదానికి గడువు అడగాలి. కొత్త కేసు పడితే అది పెద్ద చిక్కే. కానీ ఎఫ్ఐఆర్ వేసినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, పాత పగలతో పెట్టే కేసులు మా ఊళ్లలో లేకపోలేదు. ఆ తేడా వాదించడానికి వకీలు లేకుండా వాయిదాకు పోవద్దు.

ఒకవేళ మనిషిని అప్పటికే పట్టుకెళ్లి ఉంటే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ నోరు తెరిచి "నాకు వకీలు లేడు" అనాలి. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు పెట్టినప్పటి నుంచే ఉచిత వకీలు హక్కు ఉందని 1981లో ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిమాండు పడి రెడ్డిపల్లికి చేరినా ఆలస్యం కాలేదు, కస్టడీలో ఉన్నవాణ్ని ఆదాయం ఎవరూ అడగరు, లోపలి నుంచే అర్జీ పెట్టవచ్చు. కోర్టు అసలు నేరానికి శిక్ష వేసేసినా సెషన్స్ కోర్టులో అప్పీలు ఉంటుంది. గడువు 30 రోజులు.

ఒక నష్టం మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. బాండు గడువు సక్రమంగా పూర్తి చేసినవాడికి ఆ నేర నిర్ధారణ వల్ల చట్టం పెట్టే అనర్హతలు అంటవని 12వ సెక్షన్ చెబుతుంది. మధ్యలో తప్పి అసలు నేరానికి శిక్ష పడితే ఆ రక్షణ పోతుంది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇది జైలు కంటే పెద్ద దెబ్బ కావచ్చు.

పర్యవేక్షణ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు షరతులు వివరించి చెప్పాలని, నేరస్థుడికీ జామీనుదారుకూ తలా ఒక ప్రతి ఇవ్వాలని 4వ సెక్షన్‌లోనే ఉంది. వివరించడమంటే మాకు అర్థమయ్యే తెలుగులో, నింపాదిగా చెప్పడం అని నేను అనుకుంటాను. ఆ ప్రతిలో ఒక్క వాక్యం చేర్చమని నా విన్నపం: పని కోసం ఊరు దాటాల్సి వస్తే పోయే ముందు ఎవరికి చెప్పాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది. బుడ్డలు ఎండిపోయి బస్సులు నిండే నెలల్లో గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద కూడా అదే వాక్యం అంటించాలి.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి బాండు ఉన్నవాళ్లు ఉంటే, ముందు ఆ కాగితం వెతికి తీయండి. దొరక్కపోతే కోర్టు పేరు, కేసు నంబరు, తీర్పు వచ్చిన నెల తెలిసినా చాలు, నకలు అర్జీ పెట్టవచ్చు. అది పట్టుకుని కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోండి. పోలేకపోతే 15100కు ఫోన్ చేయండి. బెంగళూరులో ఉన్నా ఆ నంబరే. వారెంటు ఉందని భయపడి పేరు దాచవద్దు. వారెంటు ఉందన్న సంగతే ముందు చెప్పండి.